చెరువు మీద అలిగితే

బ్రిటన్ దినపత్రిక ‘ది గార్డియన్’ 2024 నవంబరు 13న తన పాఠకులకు ఒక నిర్ణయం తెలియజేసింది. ఎక్స్‌లో, అంటే ఒకప్పటి ట్విటర్‌లో, తన అధికారిక ఖాతాల నుంచి ఇకపై ఏమీ రాయబోనని చెప్పింది. అప్పటికి ఆ పత్రికకు అక్కడ 80కి పైగా ఖాతాలు, సుమారు 2.7 కోట్ల మంది అనుచరులు. అమెరికా అధ్యక్ష ఎన్నికల పోలింగ్ జరిగి ఎనిమిది రోజులైంది. ఆ వేదిక మీద జాతి విద్వేషం, కుట్ర కథలు పెరిగిపోయాయనీ, యజమాని ఎలాన్ మస్క్ దాని పలుకుబడితో రాజకీయ చర్చను తనకు కావలసిన వైపు తిప్పుతున్నారనీ పత్రిక కారణం చెప్పింది. మర్నాడే స్పెయిన్ పత్రిక ‘లా వాంగ్వార్డియా’ అదే బాట పట్టింది. 2025 జనవరిలో ఫ్రాన్స్ పత్రిక ‘ల మోండ్’, జర్మనీ, ఆస్ట్రియాల్లోని 60కి పైగా విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు వాటి వెంట నడిచాయి.

గార్డియన్ ప్రకటనను చివరిదాకా చదివితే ఇంకో సంగతి బయటపడుతుంది. పాఠకులు ఆ పత్రిక వ్యాసాలను ఎక్స్‌లో పంచుకోవచ్చు. విలేఖరులు వార్తల వేటకు ఆ వేదికను వాడుకోవచ్చు. వార్తకు అవసరమైతే ఎక్స్‌లోని రాతలను వ్యాసంలో అతికించుకోవచ్చు కూడా. అంటే పత్రిక అంగడి ఎత్తేసింది గానీ సంతకు రావడం పూర్తిగా మానలేదు. వేదికను వదలడం అనేది ఒక్క మీట నొక్కితే ముగిసే పని కాదు. కొత్తగా రాయడం మానడం, చందా కట్టడం మానడం, ప్రకటనలు ఆపడం, ఖాతాను తాళం వేసి ఉంచడం, పూర్తిగా చెరిపేయడం, ఇవన్నీ వదలడంలోని వేర్వేరు మెట్లు. ఉండాలా, పోవాలా అన్న వాదన మొదలవగానే జనం రెండు శిబిరాలుగా చీలిపోయి ఈ మెట్లను మరచిపోతారు.

వేదిక రాజకీయం అన్న మాట కూడా ఇలాగే కలగాపులగం. యజమాని అభిప్రాయాలు ఒకటి. ఎవరి మాట ఎవరికి ముందు కనబడాలో తేల్చే నియమాలు ఇంకొకటి. ప్రభుత్వాలు ఒత్తిడి చేసినప్పుడు వేదిక ఎటు వంగుతుందన్నది మూడోది. ఈ మూడింటిలో దేని మీద కోపమో తేల్చుకోకుండా వదిలేసినవాళ్లు కొత్త చోట అదే సమస్యను మళ్లీ చూస్తారు.

యజమాని అభిప్రాయాల సంగతి తెలుగువారికి కొత్త కాదు. ఏ పత్రిక, ఏ చానల్ ఏ పార్టీ వైపు మొగ్గుతుందో ఇక్కడి పాఠకుడికి ఒకరు చెప్పనక్కర్లేదు. పొద్దున్నే ఒకే బహిరంగ సభ గురించి రెండు పత్రికల్లో రెండు రకాల శీర్షికలు చూసి, నిజం ఆ రెంటి నడుమ ఎక్కడో ఉంటుందని లెక్కగట్టడం టీకొట్టు దగ్గరి పాత విద్య. ఆ లెక్కన 2022 అక్టోబరు 27న 4,400 కోట్ల డాలర్లకు ట్విటర్‌ను కొన్న మస్క్, 2024 జులైలో డొనాల్డ్ ట్రంప్‌కు మద్దతు ప్రకటించడం, ఆ ఎన్నికల్లో 25 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టడం, డిసెంబరులో జర్మనీని కాపాడగలిగింది తీవ్ర మితవాద ఏఎఫ్‌డీ పార్టీ ఒక్కటేనని రాయడం, ఇవన్నీ ఒక ధనికుడి రాజకీయాలే. ఆయన అభిప్రాయం నచ్చకపోవడం ఒక్కటే వదలడానికి చాలినంత కారణమైతే, తెలుగు ఇళ్లలో వార్తాపత్రిక వేయించుకునేవారే మిగలరు.

తేడా రెండో విషయంలో ఉంది. పత్రికలో మొగ్గు కంటికి కనబడుతుంది, అచ్చయిన కాగితం అందరికీ ఒకటే. వేదికలో రాసేది వాడుకరులు, వరస పెట్టేది యజమాని. ఆ వరస ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది, ఎందుకలా ఉందో ఎవరికీ తెలియదు. ట్విటర్‌లో పేరు పక్కన ఉండే నీలి టిక్కు గుర్తు ఒకప్పుడు ఈ మనిషి ఫలానా మనిషేనని చెప్పేది. 2023 ఏప్రిల్ 20న పాత టిక్కులన్నీ తీసేశారు. నెలకు 8 డాలర్లు కట్టినవారికి టిక్కు వచ్చింది, దానితోపాటు చర్చల్లో వారి జవాబులు పైకి తేలే సౌకర్యమూ వచ్చింది. గ్రామసభలో రొక్కం చెల్లించినవాడికి ముందు మైకు ఇచ్చినట్టయింది. యూరోపియన్ కమిషన్ 2025 డిసెంబరులో ఎక్స్‌కు వేసిన 12 కోట్ల యూరోల జరిమానాకు చూపిన కారణాల్లో ఈ టిక్కు జనాన్ని తప్పుదారి పట్టిస్తుందన్నది ఒకటి. ప్రకటనల వివరాలు బయటపెట్టకపోవడం, పరిశోధకులకు సమాచారం అందనివ్వకపోవడం మిగతావి. యజమాని ఏ పార్టీకి ఓటేస్తాడన్న దానికన్నా ఇవి పెద్ద రాజకీయాలు. వీటికి లోబడేది వేదికను వాడే ప్రతి మనిషీ, ఆ మనిషి ఏ పార్టీ వాడైనా సరే.

మూడో విషయం భారతదేశంలో అన్నిటికన్నా ముందుకొస్తుంది. ఖాతాలు, రాతలు నిలిపివేయాలన్న కేంద్ర ప్రభుత్వ ఆదేశాలను సవాలు చేస్తూ ట్విటర్ 2022లో కర్ణాటక హైకోర్టుకు వెళ్లింది. 2023 జూన్ 30న కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసి రూ.50 లక్షలు ఖర్చుల కింద కట్టమంది. 2024 ఫిబ్రవరిలో రైతు నిరసనల సమయాన, ఆదేశాలతో ఏకీభవించడం లేదంటూనే, ఎక్స్ కొన్ని ఖాతాలను ఇక్కడ కనబడకుండా చేసింది. తొలగింపు ఆదేశాలు పంపేందుకు కేంద్రం నడిపే ‘సహయోగ్’ పోర్టల్‌పై వేసిన కేసునూ 2025 సెప్టెంబరులో అదే హైకోర్టు తోసిపుచ్చింది. భావ ప్రకటన స్వేచ్ఛకు తానే కాపలాదారునని అమెరికాలో చెప్పుకునే సంస్థ ఇక్కడ కోర్టుల్లో కొట్లాడి, ఓడి, తలవంచింది. ఆ సంస్థ మీద లండన్ పాఠకుడికి ఉన్న ఫిర్యాదూ, లూధియానా రైతుకు ఉన్న ఫిర్యాదూ ఒకటి కావు. ఎక్స్ నుంచి వెళ్లిపోవాలన్న పాశ్చాత్య వాదనను ఉన్నదున్నట్టు ఇక్కడికి దిగుమతి చేసుకుంటే అతకదు.

అలాగని భారతీయులు అలిగి వెళ్లిన సందర్భాలు లేకపోలేదు. మొదటిది 2019లో, మస్క్ కొనడానికి మూడేళ్ల ముందు జరిగింది. అక్టోబరు చివర సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విటర్ నిలిపివేసింది. నాజీ సెల్యూట్ చేస్తున్న గుంపు నడుమ చేతులు కట్టుకుని నిలబడ్డ ఒకే ఒక్క మనిషి ఫొటోను ఆయన తన ఖాతాకు ముఖచిత్రంగా పెట్టుకోవడం అప్పటి అభ్యంతరం. ఖాతా తిరిగి వచ్చినట్టే వచ్చి మళ్లీ పోయింది. రెండోసారి కారణం, ఎప్పుడో పంచుకున్న ఒక హిందీ కవిత. ‘వాణ్ని ఉరితీయండి’ అన్న అర్థం వచ్చే పేరున్న ఆ కవితను రాసింది గోరఖ్ పాండే. ఉరిని నిరసించే వ్యంగ్యాన్ని హింసకు పిలుపుగా చదివారు. ఆ కవిత వెనక ఉన్నది తెలంగాణ కథ. ఆదిలాబాద్ జిల్లాకు చెందిన విప్లవకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఎమర్జెన్సీ కాలంలో, 1975 డిసెంబరు 1న, హైదరాబాద్ ముషీరాబాద్ జైలులో ఉరితీశారు. ఆ జైలు ఇప్పుడు లేదు, ఆ చోట గాంధీ ఆసుపత్రి నిలబడింది. ముషీరాబాద్‌లో జరిగిన ఉరి మీద హిందీలో రాసిన కవితను, ఢిల్లీ న్యాయవాది పంచుకుంటే, శాన్‌ఫ్రాన్సిస్కో సంస్థ నియమం దాన్ని తొలగించింది. ఆ కవిత ఏ సందర్భంలో పుట్టిందో ఆ నియమానికి తెలిసే దారి లేదు.

హెగ్డేకు మద్దతుగా ఆ నవంబరులో వేలమంది భారతీయులు మాస్టడాన్‌లో ఖాతాలు తెరిచారు. జర్మనీలో పుట్టిన ఆ వేదికకు ఒక యజమాని అంటూ ఉండడు. వేర్వేరు వ్యక్తులు, బృందాలు నడిపే సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. దళితులు, ఆదివాసులు, మైనారిటీల గొంతుల మీద ట్విటర్ పక్షపాతం చూపుతోందన్న ఫిర్యాదులూ ఆ వలసకు తోడయ్యాయి. కొన్ని వారాలు గడిచేసరికి ఎక్కువమంది మళ్లీ పాత చోటే కనిపించారు.

రెండో వలస దీనికి పూర్తిగా ఎదురు దిశలో నడిచింది. 2021 ఫిబ్రవరిలో రైతు ఉద్యమ ఖాతాలను నిలిపివేయాలన్న ఆదేశాన్ని ట్విటర్ పూర్తిగా పాటించలేదని కేంద్రం ఆగ్రహించింది. పీయూష్ గోయల్ సహా మంత్రులు, ప్రభుత్వ శాఖలు బెంగళూరు సంస్థ ‘కూ’లో ఖాతాలు తెరిచి, రమ్మని జనాన్ని పిలిచారు. తెలుగు సహా భారతీయ భాషల్లో రాసుకునే వీలు, స్వదేశీ అన్న ముద్ర, అధికార పక్షం అండ, అన్నీ ఉన్నాయి. ఒక దశలో రోజుకు 21 లక్షల మంది వాడారని సంస్థ స్థాపకులే చెప్పారు. అయినా 2024 జులైలో ‘కూ’ మూతపడింది. పిలిచిన మంత్రుల్లో ఎవరూ ట్విటర్‌ను వదలలేదన్నది గుర్తుంచుకోవలసిన సంగతి. విందుకు పిలిచి ఆతిథ్యమిచ్చేవాడే పక్కింట్లో భోంచేస్తే అతిథులు ఎంతసేపు కూర్చుంటారు?

కనుక వేదిక మీద అలగడం ఒక పక్షం సొత్తు కాదు. అమెరికాలో 2021 జనవరి 8న ట్రంప్ ఖాతాను ట్విటర్ శాశ్వతంగా నిషేధించినప్పుడు ఆయన అభిమానులు ‘పార్లర్’ అనే వేదికకు వెళ్లారు, ఏడాది తర్వాత ట్రంప్ సొంత వేదిక ‘ట్రూత్ సోషల్’ వచ్చింది. మస్క్ వచ్చాక ఉదారవాదులు మాస్టడాన్‌కు, ఆ తర్వాత బ్లూస్కై అనే మరో వేదికకు వెళ్లారు. మాస్టడాన్‌లో నెలకు మూడు లక్షలున్న వాడుకరులు 2022 చివర రెండు నెలల్లో 25 లక్షలకు చేరి, ఆపై తగ్గుతూ వచ్చారు. బ్లూస్కై కథ కాస్త మెరుగు. 2024 నవంబరులో రెండు కోట్ల ఖాతాలు దాటింది. అంతకుముందు ఆగస్టు చివర బ్రెజిల్ సుప్రీంకోర్టు ఎక్స్‌ను ఆపేయమనడంతో కొద్ది రోజుల్లోనే లక్షలాదిమంది బ్రెజిల్ వాసులు అక్కడికి చేరారు. వారంతా స్వచ్ఛందంగా వదిలినవాళ్లు కారు, దుకాణమే మూసేశారు కాబట్టి కలిసి కదిలారు. వలస పాఠాల్లో ఇది ముఖ్యమైనది. ఒక్కొక్కరుగా బయలుదేరినవాళ్లు తిరిగొచ్చారు, ఊరు ఊరంతా కదిలినప్పుడు కొత్త చోట కొంతకాలమైనా నిలబడ్డారు. అయితే అక్టోబరు 8న నిషేధం ఎత్తేశాక బ్రెజిల్‌లో కూడా చాలామంది పాత గూటికి చేరినవాళ్లే.

తెలుగులో చెరువు మీద అలిగినవాడి సామెత ఒకటుంది. పూర్తిగా రాయడానికి సంపాదకీయ పేజీ మర్యాద ఒప్పుకోదు, తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. అలిగినవాడికి ఇబ్బందే తప్ప చెరువుకు ఆ సంగతే తెలియదన్నది దాని సారం. వెళ్లిపోయేవారిని ఎగతాళి చేసేవాళ్లు ఎత్తేది ఈ వాదననే. అది ఎంతవరకు నిజం?

ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ప్రచురించిన పుస్తకంలో దీనికి దగ్గరి ప్రశ్ననే వేసుకున్నాడు. సంస్థ చెడిపోతున్నప్పుడు దాని మీద ఆధారపడినవాళ్లకు రెండు దారులుంటాయి, బయటికి నడవడం లేదా లోపలుండి గొంతెత్తడం. ఆయనకు ఆ ఆలోచన పుట్టింది నైజీరియా రైళ్లను చూసి. దేశం ఉత్తరాన పండిన వేరుశనగ ఎనిమిది వందల మైళ్ల దూరంలోని ఓడరేవులకు చేరాలి. రైళ్లు ఎంత అధ్వానంగా నడిచినా బాగుపడలేదు. లారీలు వచ్చాక సేవ గురించి గట్టిగా పేచీ పెట్టే పెద్ద వ్యాపారులు లారీల వైపు వెళ్లిపోయారు. అడిగేవాడు లేకపోయాక రైల్వేకు మారాల్సిన అగత్యం లేకపోయింది. ఇది వేదికలకు అచ్చంగా వర్తిస్తుంది. తప్పుడు వార్తను తప్పని చెప్పే విలేఖరి, వైద్యుడు, పరిశోధకుడు ముందు వెళ్లిపోతే, మిగిలినవారికి అబద్ధమే మిగులుతుంది. జర్మన్ విశ్వవిద్యాలయాలు వెళ్లాక ఎక్స్‌లో టీకాల మీద పుకారు తగ్గదు, దానికి బదులు చెప్పే శాస్త్రవేత్త మాత్రం తగ్గుతాడు.

ఐతే హిర్ష్‌మన్ వాదనలో ఒక షరతు ఉంది. గొంతెత్తితే వినేవాడు ఉండాలి. మస్క్ కొన్నాక ట్విటర్ స్టాక్ మార్కెట్ నుంచి బయటికి వచ్చింది, వాటాదారుల సమావేశంలో నిలదీసే వీలు పోయింది. ఏడున్నర వేల ఉద్యోగుల్లో సగం మందిని 2022 నవంబరులో తీసేశారు. పౌర సంఘాలతో ఉన్న భద్రతా సలహా మండలిని డిసెంబరు 12న రద్దు చేశారు. పైగా అక్కడ నిరసన కూడా సరుకే. యజమానిని తిడుతూ రాసిన పోస్టుకు వెయ్యి జవాబులు వస్తే, ఆ వెయ్యి జవాబుల నడుమ ప్రకటనలు అమ్ముడవుతాయి. లోపలుండి పోరాడతామనే వాళ్లు ఈ లెక్క చూసుకోవడం అరుదు. గొంతు పనిచేయని చోట నడకే మిగులుతుందని వెళ్లిపోయినవారి వాదన. దాన్ని కొట్టిపారేయడం కష్టం.

చెరువుకు తెలియదన్న మాట కూడా ఎవరు అలిగారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. విద్వేషపు రాతలను అరికట్టడం లేదని 2020 జులైలో వెయ్యికి పైగా సంస్థలు ఫేస్‌బుక్‌కు ప్రకటనలు ఆపాయి. ఆ ఏడాది ఫేస్‌బుక్ రాబడి తగ్గకపోగా పెరిగింది. దాని ఆదాయం లక్షలాది చిన్న దుకాణాల నుంచి వస్తుంది మరి. ఎక్స్ పరిస్థితి వేరు, దాని రాబడి పెద్ద కంపెనీల మీద ఆధారపడింది. 2023 నవంబరులో యూదు వ్యతిరేక వ్యాఖ్యను మస్క్ సమర్థించడంతో యాపిల్, డిస్నీ, ఐబీఎం ప్రకటనలు ఆపాయి. ఆ దెబ్బ ఎంత తగిలిందో, 2024 ఆగస్టులో ప్రకటనదారుల మీద ఎక్స్ కోర్టుకెక్కిన తీరే చెబుతుంది. పాఠకుడు వెళితే వేదికకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు, ప్రకటన వెళితే నొప్పి తెలుస్తుంది. గార్డియన్ వంటి సంస్థ వెళ్లడం ఈ రెంటికీ నడుమ, డబ్బు నష్టం లేకపోయినా పరువు నష్టం.

వెళ్లిన సంస్థకు నష్టం ఎంత? అమెరికా ప్రజా రేడియో ఎన్‌పీఆర్ అనుభవం దీనికి మంచి కొలత. 2023 ఏప్రిల్‌లో ట్విటర్ దానికి ప్రభుత్వ అనుబంధ మాధ్యమమన్న ముద్ర వేసింది. అప్పట్లో రష్యా, చైనా ప్రభుత్వ చానళ్లకు వేసే ముద్రను సంపాదక స్వేచ్ఛ ఉన్న సంస్థకు వేశారన్నమాట. ఎన్‌పీఆర్ ఏప్రిల్ 12న రాయడం ఆపేసింది. ఆరు నెలల తర్వాత చూసుకుంటే, వెబ్‌సైట్‌కు వచ్చేవారిలో తగ్గుదల ఒక శాతం దాకా ఉంది. అంతకుముందు కూడా ట్విటర్ నుంచి వచ్చేది రెండు శాతం లోపే. లక్షల అనుచరులున్నారన్న మాట అద్దంలో చూసుకునే సొగసే గానీ, తలుపు తట్టి లోపలికి వచ్చేవాళ్లు చాలా తక్కువ. ఎక్స్‌ను వదిలితే మునిగిపోతామని భయపడే పత్రికలు ముందు ఈ లెక్క చూసుకోవాలి.

సంస్థలకు కుదిరిన ఈ లెక్క సాధారణ పౌరుడికి కుదరదు. సుష్మా స్వరాజ్ 2014 నుంచి 2019 దాకా విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు ట్విటర్‌లో వచ్చిన విన్నపాలకు స్వయంగా జవాబిచ్చేవారు. యజమాని పాస్‌పోర్టు లాక్కుంటే దిక్కుతోచక గల్ఫ్‌లో చిక్కుకున్న కూలీ బంధువులకు అది ఒక తలుపు. తెలంగాణలో మంత్రిగా కె. తారక రామారావు ట్విటర్‌లో వచ్చిన ఫిర్యాదులను అధికారులకు పంపి పరిష్కరింపజేయడం ఆ కాలపు పాలనలో ఒక అలవాటుగా మారింది. వానాకాలం సాయంత్రం ఆఫీసు నుంచి బయటపడిన హైదరాబాదీ ఏ కూడలిలో నీళ్లు నిలిచాయో, ఏ ఫ్లైఓవర్ మీద వాహనాలు కదలడం లేదో చూసేది ట్రాఫిక్ పోలీసుల ఎక్స్ ఖాతాలోనే. మస్క్ రాజకీయాలు నచ్చక ఆ ఖాతా చూడడం మానేస్తే, ఆ మనిషి మోకాటి లోతు నీళ్లలో నిలబడతాడు, మస్క్ కాదు.

2025 మార్చి, ఏప్రిల్‌లలో కంచ గచ్చిబౌలి ఉదంతం వేదికకున్న రెండు ముఖాలనూ ఒకేసారి చూపింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకున్న 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగినప్పుడు, రాత్రి చీకట్లో యంత్రాల రొద నడుమ నెమళ్ల అరుపులు వినబడే వీడియోలు ఫోన్లలో దేశమంతా తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించింది. అదే వారంలో కృత్రిమ మేధతో తయారైన జింకల బొమ్మలూ అంతే వేగంగా తిరిగాయి. వాటిని పంచుకున్నవారికి పోలీసులు నోటీసులిచ్చారు. విద్యార్థి తీసిన వీడియోనూ, యంత్రం గీసిన బొమ్మనూ వేదిక ఒకే బండిలో మోసింది. ఆ వారం ఎక్స్ లేకపోతే అబద్ధంతోపాటు నిజమూ క్యాంపస్ గోడ దాటేది కాదేమో. వదలమని విద్యార్థులకు సలహా ఇచ్చేవాళ్లు ఈ సంగతిని దాటవేయలేరు.

అసలు తప్పు పౌరుడిది కాదు. ప్రభుత్వం తన కిటికీని ప్రైవేటు వ్యక్తి గోడకు బిగించడంలో ఉంది. పైగా ఆ గోడ అందరికీ అందేదీ కాదు. కేంద్రం 2021 ఫిబ్రవరిలో చెప్పిన లెక్కల ప్రకారం దేశంలో వాట్సాప్ వాడేవారు 53 కోట్లు, ఫేస్‌బుక్ వాడేవారు 41 కోట్లు, ట్విటర్ వాడేవారు 1.75 కోట్లే. మంత్రి ఎక్స్‌లో జవాబిచ్చాడన్నది వార్త అవుతుంది గానీ, ఆ జవాబు అందే అవకాశం ఉన్నది కొద్దిమందికే.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ కిటికీ ఇప్పుడు ఎక్స్ గోడ నుంచి మెటా గోడకు మారింది. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు ప్రారంభించింది. ధ్రువపత్రాలు, బిల్లులు, ఫిర్యాదులు ఒక్క నంబరుకు సందేశం పంపితే చాలన్నది దాని సౌలభ్యం. పంచాయతీ సచివాలయం ముందు పడిగాపులు తప్పడం చిన్న మేలు కాదు. దానికి మూడు వారాలకు పైగా ముందు, జనవరి 7న, వాట్సాప్ మాతృసంస్థ మెటా అధినేత మార్క్ జుకర్‌బర్గ్ అమెరికాలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల నుంచి బయటి సంస్థల నిజనిర్ధారణను తీసేస్తున్నట్టు ప్రకటించారు. ఆ నిర్ణయం నచ్చక వాట్సాప్ తీసేద్దామనుకున్న గుంటూరు పౌరుడికి సేవలు పొందే ఇతర దారులు ఉండనే ఉన్నాయి, కానీ అవి నెమ్మది దారులు. అతని అభ్యంతరానికి ధర పడింది, ఆ ధర నిర్ణయించింది ప్రభుత్వం.

ఇక వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం దగ్గరికొస్తే, అందరికీ ఒకే జవాబు ఉండదు, బాధ్యత కూడా అందరిదీ ఒకటి కాదు. ప్రజల డబ్బుతో నడిచే సంస్థలు, పత్రికలు, విశ్వవిద్యాలయాలు వెళ్లగలవు, వెళ్లినా నష్టం తక్కువ. కాబట్టి వేదిక నియమాలు చర్చను చెడగొడుతున్నాయని రుజువైతే మొదట కదలవలసింది అవే. కనీసం ప్రతి ప్రకటన తమ సొంత వెబ్‌సైట్‌లో ముందు, వేదికలో తర్వాత రావాలి. ఆ వేదికతోనే పొట్ట గడిచే చిన్న రచయిత, సొంత గొంతుకు వేరే దారి లేని కార్యకర్త చివరన కదిలినా తప్పులేదు. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోమని వాళ్లకు చెప్పడం ఇల్లు ఇంకొకటి ఉన్నవాళ్ల విలాసం. చందా కట్టడం మాత్రం వేరు. నెలనెలా డబ్బు కట్టి టిక్కు కొనుక్కుంటూ యజమాని రాజకీయాలను అదే ఖాతాలో తిట్టడంలో అర్థం లేదు.

ఖాతాను చెరిపేయడం గురించి ఒక ఆచరణ జాగ్రత్త. ఎక్స్‌లో ఖాతా మూసిన 30 రోజుల తర్వాత అది శాశ్వతంగా పోతుంది, ఆ పేరు మరొకరి చేతికి చిక్కే అవకాశం ఉంటుంది. కాస్త పేరున్నవాళ్లు, సంస్థలు చివరి సందేశం పెట్టి, పాత రాతల ప్రతిని దించుకుని, ఖాతాను నిద్రపుచ్చడం మేలు. ఎన్‌పీఆర్ కూడా ఖాతాను చెరిపేయలేదు, రాయడం మాత్రమే ఆపింది.

ఎంత ఆలోచించినా చివరికి అడ్డొచ్చేది ఒక్కటే. వెళ్లేవాడు తన రాతలను మూటగట్టుకోగలడు, తన మనుషులను కాదు. పదేళ్లుగా కూడిన పరిచయాలు ఆ వేదిక గోడల మధ్యే ఉండిపోతాయి. 2022 డిసెంబరులో ట్విటర్ మాస్టడాన్ లంకెలను పెట్టనివ్వకుండా నియమం తెచ్చి, గగ్గోలు లేచాక మర్నాటికల్లా వెనక్కి తీసుకుంది. యజమానికి భయం ఎక్కడుందో ఆ ఒక్కరోజు నియమం చెప్పింది. టెలిఫోన్ల విషయంలో ఈ ముడిని భారతదేశం విప్పింది. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మారకుండా కంపెనీ మారే వీలొచ్చింది. అంతకుముందు నచ్చని కంపెనీని భరించడానికి కారణం, ఊరంతా ఎరిగిన ఆ పది అంకెలు. సంకెల తెగాక కంపెనీలు వినియోగదారుడిని బతిమాలుకోవడం మొదలుపెట్టాయి. మాస్టడాన్‌లో ఒక సర్వర్ నచ్చకపోతే అనుచరులతో సహా మరో సర్వర్‌కు వెళ్లవచ్చు, బ్లూస్కై కూడా అలాంటి ఏర్పాటు మీదే కట్టుకుంది. సాంకేతికంగా సాధ్యమేనని అవి రుజువు చేశాయి. పెద్ద వేదికలు మాత్రం చట్టం మెడ మీద కత్తి పెట్టనిదే ఆ పని చేయవు. యూరప్ డిజిటల్ మార్కెట్ల చట్టం కూడా ఇప్పటిదాకా వాట్సాప్ వంటి సందేశ సేవలనే ఇతర సేవలతో కలవమని నిర్బంధించింది, ఎక్స్, ఫేస్‌బుక్ వంటి వేదికల గోడలు అలాగే ఉన్నాయి.

భారతదేశంలో ఆ మాత్రం ప్రయత్నం కూడా ఒకసారి కాగితం మీదికి వచ్చి ఆగిపోయింది. వ్యక్తి తన సమాచారాన్ని ఒక సంస్థ నుంచి మరో సంస్థకు తీసుకెళ్లే హక్కు 2019 నాటి వ్యక్తిగత డేటా పరిరక్షణ బిల్లులో ఉండేది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో ఆ హక్కు లేదు.